గుర్రు పెడితే గాఢ నిద్రేనా?

"మా ఇంటాయన గుర్రు పెడితే పక్కింటికి వినిపిస్తుంది. కుంభకర్ణుడి నిద్ర!" ఇలా చెప్పుకొని నవ్వుకుంటాం. గుర్రు పెట్టేవాళ్ళు హాయిగా నిద్రపోతున్నారని మన నమ్మకం. అందరి విషయంలో అది నిజం కాదు.

ఈ రాత్రి కొంచెంసేపు మేలుకొని వినండి. గుర్రు ఒకే తీరుగా సాగుతోందా? లేక పెద్దగా వచ్చి టక్కున ఆగిపోతోందా? ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. పది దాటినా ఊపిరి తీయడం లేదా? తర్వాత గొంతు పట్టేసినట్టు శబ్దం చేసి, ఉలిక్కిపడి, మళ్ళీ గుర్రు మొదలుపెడుతున్నారా? అయితే అది గాఢ నిద్ర కాదు, జబ్బు కావచ్చు. డాక్టర్లు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నమాట.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

గొంతు లోపలి దారి మెత్తని కండతో ఉంటుంది. మెలకువలో ఆ కండ బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతుంది. నిద్రలో వదులవుతుంది. కొందరికి నాలుక వెనక్కి జారుతుంది. గొంతు గోడలు దగ్గరపడతాయి. దారి మూసుకుంటుంది. రొమ్ము ఎగసిపడుతుంది గానీ గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు మెదడు మనిషిని తట్టి లేపుతుంది.

మన గుంతకల్లు రైళ్ళ ఊరు. ఇంజన్ నడిపేవాళ్ళను అడిగితే చెప్తారు. ఇంజన్‌లో ఒక పరికరం ఉంటుంది. డ్రైవరు నిమిషం పాటు ఏదీ కదపకపోతే దీపం వెలుగుతుంది, బజరు మోగుతుంది. అప్పటికీ కదలకపోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. మెదడు చేసేదీ అట్లాంటి కాపలా పనే. కానీ రాత్రంతా బజరు మోగుతూ ఉంటే నిద్ర ఎక్కడిది? గంటలో 5 సార్ల కన్నా తక్కువగా ఊపిరి ఆగినా, బాగా సన్నగిల్లినా పెద్దవాళ్ళలో దాన్ని జబ్బుగా లెక్కించరు. 30 సార్లు దాటితే జబ్బు ముదిరినట్టే. అంటే రెండు నిమిషాలకోసారి! తెల్లారితే ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. "ఎనిమిది గంటలు పడుకున్నాను" అంటాడు.

పగలు మాత్రం బయటపడుతుంది. పొద్దున తలనొప్పి, నోరెండిపోవడం. కూర్చున్నచోటే కునుకు. ఊరికే కోపం, మతిమరుపు. మాత్రలు వాడినా బీపీ దిగదు. ఆ కునుకు ఇంట్లో అరుగు మీద పట్టిందా, పోనీ అనుకుందాం. రాత్రిపూట లారీ స్టీరింగు దగ్గర పడితే? ఒక్క క్షణం చాలు.

లావుగా, మెడ మందంగా ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. అయితే సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. దవడ చిన్నదైనా, ముక్కు మూసుకుపోయినా రావచ్చు. పిల్లల్లో టాన్సిల్స్ వాచి వస్తుంది. సారా, బ్రాందీ, నిద్రమాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి. ఆడవాళ్ళకు రాదనుకోవద్దు. ముట్లు ఆగిన తర్వాత వాళ్ళలోనూ పెరుగుతుంది. కాకపోతే ఆడవాళ్ళ గుర్రును ఎవరూ మేలుకొని వినరు!

సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాల పాటలు విననివాళ్ళు మనలో తక్కువ. వాటికి సంగీతం కట్టిన బప్పి లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో చనిపోయారు. ఆయనకు వేరే జబ్బులూ ఉన్నాయి. కానీ చావుకు కారణంగా డాక్టర్లు చెప్పింది ఈ ఊపిరి ఆగే జబ్బునే.

గాలి మిషన్

ఒకప్పుడు జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టేవాళ్ళు. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు వేరే దారి చూశాడు. ఇల్లు ఊడ్చే మిషన్‌ మోటారు తీసుకొని, దాని గాలిని గొట్టంతో రోగి ముక్కులోకి పంపాడు. గొంతు దారి మూసుకోలేదు. మనిషి నిద్రపోయాడు. ఇప్పుడు వాడే సీప్యాప్ మిషన్ దాని నుంచి పుట్టిందే.

ఆ గాలి జోరు ఎంతో తెలియాలా? చెంబులో నీళ్ళు పోయండి. ఒక స్ట్రాను నాలుగు అంగుళాల లోతుకు ముంచి ఊదండి. బుడగలు రావడానికి ఎంత బలం కావాలో, దాదాపు అంత జోరే చాలామందికి సరిపోతుంది. ఎవరికి ఎంత కావాలో డాక్టరే నిర్ణయిస్తారు.

ఇది ఆక్సిజన్ కాదు. గదిలో ఉన్న మామూలు గాలే. 2021లో కరోనా అప్పుడు చూసినవాళ్ళకు మాస్కు అంటేనే భయం. "మాస్కు పెట్టారంటే ఇక ఆఖరే" అనుకుంటారు. దీన్ని పెట్టుకున్నవాళ్ళు పొద్దునే తీసి పక్కన పెట్టి పనికి పోతారు. కళ్ళద్దాల లాంటిదే. పెట్టుకున్న రాత్రి పనిచేస్తుంది, మానేస్తే గుర్రు మళ్ళీ వస్తుంది. మొదటి వారం చికాకుగా ఉంటుంది. మాస్కు పక్కల నుంచి గాలి కారుతుంటే సైజు మార్పించాలి.

మనది దుమ్ము ఊరు. ఆషాఢం గాలికి ఫిల్టరు తొందరగా నల్లబడుతుంది, చూసుకుంటూ ఉండాలి. తేమ కోసం మిషన్‌లో నీళ్ళ డబ్బా ఉంటే బోరు నీళ్ళు పోయొద్దు. తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, రోజూ మార్చాలి. కరెంటు పోతే మాస్కు తీసేయాలి.

ఖర్చు మాత్రం తక్కువ కాదు, పదివేల లెక్కల్లోనే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌ది చవకగా వస్తుందని తొందరపడొద్దు. 2021లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ చెడుతోందని లక్షల మిషన్లను వెనక్కి పిలిచింది. అదీగాక, నిద్ర పరీక్ష చేయించుకోకుండా మిషన్ కొనకూడదు. ఆ పరీక్షలో వేలికి క్లిప్పు, రొమ్ముకు పట్టీ పెట్టి రాత్రంతా లెక్క తీస్తారు. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరునో, ఊపిరితిత్తుల డాక్టరునో కలవండి. రైల్వేవాళ్ళు తమ ఆసుపత్రిలో అడగండి.

అయితే నిద్రపోయే మనిషికి తన జబ్బు తెలియదు. తెలిసేది పక్కన పడుకున్నవాళ్ళకే. ఇంట్లో భార్యకో, రన్నింగ్ రూములో పక్కమంచం డ్రైవరుకో. మీకు ఇప్పుడు రాయడం వచ్చు కదా? విన్నది చీటీ మీద రాసి డాక్టరుకు చూపించండి. ఇదిగో, ఇలా:

"రాత్రి 10 గంటలకు పడుకున్నాడు. 1 గంటకు లేచి విన్నాను. అరగంటలో 9 సార్లు ఊపిరి ఆగింది. ఒకసారి 20 లెక్కపెట్టేదాకా తీయలేదు. ఒంటికి 3 సార్లు లేచాడు. పొద్దున తలనొప్పి అన్నాడు. మధ్యాహ్నం అన్నం తింటూ కునికాడు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటాడు. లారీ నడుపుతాడు."