అగ్గిపెట్టె తడిస్తే నెగడు ఎట్లా? చెకుముకితో నిప్పు చేద్దాం

అడవి పందుల భయానికి రాత్రి చేను కావలి పోయినప్పుడు వాన కొట్టిందనుకోండి. జేబులో అగ్గిపెట్టె తడుస్తుంది, లైటరు గీస్తే అంటుకోదు. చలికి వణుకుతూ తెల్లవారేదాకా మంచె మీద కూర్చోవాల్సిందే. నెగడు లేకపోతే జంతువులూ దగ్గరకొస్తాయి. ఇట్లాంటప్పుడు పనికొచ్చేది మన తాతల చెకుముకి.

అగ్గిపుల్ల పాతదేమీ కాదు. ఇంగ్లండులో జాన్ వాకర్ గీస్తే మండే పుల్లలను అమ్మడం మొదలుపెట్టింది 1827లో. అంతకుముందు పొయ్యిలో పిడకకు బూడిద కప్పి తెల్లవారేదాకా నిప్పు కాపాడుకునేవారు. ఆరిపోతే పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకునేవారు. యజ్ఞాల్లో నేటికీ అరణి చిలికి నిప్పు పుట్టిస్తారు గానీ దానికి చాలా ఓపిక, వట్టి ఎండు కట్టె కావాలి. వానలో అయ్యే పని కాదు. నల్లమల చెంచులు పలుగురాయి, ఉక్కు ముక్క, తెల్ల బూరుగు దూదితో నిప్పు చేస్తారని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో ఉంది. మనకూ అదే తేలిక.

రాయి మన దగ్గరే ఉంది

శేరిలింగంపల్లి చుట్టుపక్కల నేలంతా నల్లరాతి గుట్టలే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన తర్వాత చాలా గుట్టలు పగిలి భవనాలు లేచాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆ పాత రాళ్లు ఇంకా కనిపిస్తాయి. ఆ రాతిలో తెల్లని చారలుగా ఉండేదే పలుగురాయి. దానికోసం అంతదూరం పోనక్కరలేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చేల గట్ల మీద కూడా దొరుకుతుంది. పగలగొడితే కత్తిలాంటి అంచు వచ్చేది ఏరుకోండి.

రెండోది ఉక్కు. అరిగిపోయిన ఆకురాయి ముక్క అన్నిటికన్నా మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు, మెత్తని ఇనుము పనికిరావు. రాయికి రాయి కొడితే వెలుగు కనిపిస్తుంది గానీ దూది అంటుకోదు. గట్టి రాయి ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఆ చెక్కు గాలిలో మండి రవ్వ అవుతుంది. కాబట్టి నిప్పు వచ్చేది రాయి నుంచి కాదు, ఉక్కు నుంచి!

మాడ్చిన గుడ్డ తయారీ

మామూలు దూది రవ్వను సరిగా పట్టదు. పాత నూలు ధోవతి పేలికలను మూత గట్టిగా పట్టే చిన్న రేకు డబ్బాలో వేయండి. మూతకు మేకుతో ఒక్క రంధ్రం చేసి డబ్బాను నిప్పుల మీద పెట్టండి. రంధ్రం నుంచి పొగ ఆగిపోయాక దించి, రంధ్రం మూసి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మూత తీస్తే గాలి తగిలి గుడ్డ బూడిదవుతుంది. నల్లగా మాడినా చిరగకుండా చేతికి వస్తే సరిగా కుదిరినట్టు. టెర్లిన్ కలిసిన గుడ్డ వాడొద్దు, కరిగి ముద్దవుతుంది.

కొట్టే పద్ధతి

1. ఎడమచేత రాయి పట్టి, అంచుకు దగ్గరగా మాడిన గుడ్డ పెట్టండి.
2. ఉక్కును పైనుంచి కిందికి, అంచును రాసుకుంటూ పోయేలా కొట్టండి. కళ్లలో పెచ్చులు పడకుండా ముఖం పక్కకు ఉంచండి.
3. గుడ్డ మీద ఎర్రని చుక్క కనిపించగానే ఆపండి.
4. కొబ్బరి పీచు గానీ, విప్పిన గోగునార గానీ గూడులా చుట్టి, గుడ్డను అందులో పెట్టి మెల్లగా ఊదండి. పొగ చిక్కబడి మంట లేస్తుంది.
5. ముందు సన్న పుల్లలు, తర్వాత కంది కట్టె, చివరకు మొద్దులు వేయండి. ఒక్కసారే మొద్దులు వేస్తే మంట చస్తుంది.

వానలో నేల మీది పుల్లలు ఏరొద్దు. చెట్టుకే ఎండి నిలిచిన కొమ్మ చీల్చి లోపలి పొడి కట్టె తీసుకోండి.

ఇవి మరవొద్దు

గడ్డివాము, చొప్పకుప్ప, మోటారు షెడ్డు, పురుగుమందుల డబ్బాలకు దూరంగా, గాలి వాటం చూసి నెగడు వేయండి. చుట్టూ గడ్డి చెక్కేసి మట్టి తేల్చండి. కరెంటు తీగల కింద వద్దు. మోటారు తీగలు రాపి నిప్పు చేద్దామనీ, పెట్రోలు పోద్దామనీ చూడకండి, ప్రాణం పోతుంది. తలుపులు మూసిన గుడిసెలో కుంపటి పెట్టి నిద్రపోవద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే చంపుతుంది. ఇంటికి వచ్చేముందు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెడితే వేడి తగలనప్పుడే ఆరినట్టు. ఒక్క నిప్పురవ్వతో ఏడాది మేత బుగ్గి కావొచ్చు.

వానాకాలం రాకముందే పగటిపూట పెరట్లో ఒకట్రెండుసార్లు చేసి చూడండి. మొదటిసారి చేయి నొస్తుంది, రవ్వ రాదు. నాలుగోసారికి పట్టు దొరుకుతుంది. రాయి, ఉక్కు, గుడ్డ డబ్బా ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి మంచె దగ్గర పెట్టుకోండి. అగ్గిపెట్టెనూ మరో సంచిలో పెట్టుకుంటే ఇంకా మంచిది. చుట్ట కోసం చెకుముకి కొట్టిన పెద్దలు మీ ఊళ్లో ఉంటే దగ్గర కూర్చుని నేర్చుకోండి.