పలక తుడిచే ఎంజైము



ఎంజైములు అంటే మనకు అన్నం అరిగే పాఠమే గుర్తుకొస్తది. ఉమ్మిలో ఒక ఎంజైము ఉంటుంది, అది పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అందుకే జొన్నరొట్టె ముక్కను చాలాసేపు నమిలితే తియ్యగా అవుతుంది. కానీ ఎంజైములు కడుపులోనే కాదు, మెదడులోనూ నరాల్లోనూ కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి ఈ వ్యాసంలో రాస్తున్నాను. దాని పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. పేరు పొడుగ్గా ఉందని భయపడకండి, నేను కూడా నాలుగుసార్లు రాసుకుంటేనే వచ్చింది.

మన మెదడు కోట్ల కోట్ల నాడీకణాలతో తయారైంది. ఒక నాడీకణం ఇంకోదాన్ని తాకదు. రెండింటి మధ్య సందు ఉంటుంది. ఆ సందు మిల్లీమీటరులో యాభై వేల వంతు మాత్రమే. కణం లోపల కబురు కరెంటు లాగా పోతుంది కానీ సందు దగ్గరికి వచ్చాక ఆగిపోతుంది. అప్పుడు కణం చివర నుంచి ఒక రసాయనం బయటికి వచ్చి, సందు దాటి, అవతలి కణం మీద తాళంలో చెవి పడినట్టు పడుతుంది. కబురు అందుతుంది. ఇట్లా కబురు మోసే రసాయనాలు చాలా ఉన్నాయి. వాటిలో మొట్టమొదట కనుక్కున్నది ఎసిటైల్‌కోలిన్.

దీన్ని కనుక్కున్న కథ బాగుంటది. ఆస్ట్రియా దేశంలో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్తకు రాత్రి కలలో ఒక ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరుసటి రాత్రి మళ్ళీ అదే కల వచ్చింది. ఈసారి పడుకోకుండా నేరుగా ప్రయోగశాలకు పోయాడు. రెండు కప్పల గుండెలు తీసి ఉప్పునీళ్ళలో పెట్టాడు. మొదటి గుండెకు పోయే నరానికి కరెంటు ఇస్తే గుండె నెమ్మదిగా కొట్టుకుంది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు తీసి రెండో గుండెకు పోశాడు. దానికి నరమే ముట్టించలేదు, అయినా అది కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో రసాయనాన్ని ఆ నీళ్ళలో వదిలిందన్నమాట. ఇది 1921లో అచ్చయింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తెలిసింది. 1936లో లోవీకి, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. కబురు అందాక ఆ రసాయనం అక్కడే ఉంటే ఏమవుతది? పలక మీద సార్ ఒక లెక్క రాశాడనుకోండి. దాన్ని తుడవకుండా మీద ఇంకో లెక్క, దాని మీద ఇంకోటి రాస్తే ఏమీ కనబడదు. అట్లనే ప్రతి కబురు తర్వాత సందును తుడవాలి. ఆ తుడిచే పని ఈ ఎంజైముది. అది ఎసిటైల్‌కోలిన్‌ను రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి ఎసిటేట్, ఒకటి కోలిన్. కోలిన్‌ను నాడీకణం మళ్ళీ లోపలికి తీసుకొని కొత్త ఎసిటైల్‌కోలిన్ చేసుకుంటుంది, ఏదీ వృథా పోదు. ఒక్క ఎంజైము అణువు ఒక్క సెకనులో వేల అణువులను విరగ్గొడుతుంది. మనం చెయ్యి ముడిచి వెంటనే చాపగలుగుతున్నామంటే దాని వల్లనే.

అన్ని రసాయనాలకూ ఇదే ఎంజైము కాదు. డోపమిన్, సెరోటోనిన్ వంటివాటిని విరగ్గొట్టేది మోనోఅమైన్ ఆక్సిడేజ్. 1952 ప్రాంతంలో అమెరికాలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇస్తే వాళ్ళు హుషారయ్యారు. అది ఈ ఎంజైమును ఆపుతుందని తెలిసి తర్వాత దిగులు జబ్బుకు వాడారు. కొన్ని రసాయనాలను విరగ్గొట్టేకన్నా నాడీకణమే ముందు వెనక్కి పీల్చుకుంటుంది. అవి మరోసారి రాస్తాను.

ఎసిటైల్‌కోలిన్ మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. ఒంట్లో కండరాలను ముడుస్తుంది, ఉమ్మి, కన్నీళ్ళు ఊరేటట్టు చేస్తుంది, గుండెను నెమ్మది చేస్తుంది. ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బుకు డోనెపెజిల్ అనే మాత్ర ఇస్తారు. అది ఈ ఎంజైమును కొంచెం నెమ్మదిగా పనిచేయిస్తుంది, ఎసిటైల్‌కోలిన్ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. జబ్బు పోదు గానీ కొంత ఆసరా.

కొంచెం నెమ్మది చేస్తే ఆసరా అయ్యింది, మొత్తం ఆపితే ప్రాణం పోతుంది. దాన్ని మొత్తం ఆపే వస్తువు మన పత్తి చేన్లలోనే ఉంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి పురుగుల మందులు ఆర్గానోఫాస్ఫేట్ జాతివి. (మనం రోగానికి వేసుకునేదాన్నీ మందే అంటాం, దీన్నీ మందే అంటాం. నాకైతే ఇది విచిత్రంగా అనిపిస్తది.) పురుగుకు కూడా నరాల్లో ఎసిటైల్‌కోలిన్, దాన్ని తుడిచే ఎంజైము ఉన్నాయి. మందు పోయి ఆ ఎంజైము నోట్లో అతుక్కుంటుంది. ఎంజైము ఇక పనిచేయదు. పురుగు నరాలు ఆగకుండా కొట్టుకొని అది చస్తుంది. కానీ మన ఎంజైము కూడా అలాంటిదే. మందుకు పురుగు ఎవరో మనిషి ఎవరో తెలియదు.

మందు కడుపులోకి పోతేనే కాదు, చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఎక్కుతుంది. మా బాపు వాళ్ళు మందు కొట్టేటప్పుడు పంపు కారి వీపు తడుస్తుంది. ఆ తడి అంగీతోనే సాయంత్రం దాకా ఉంటారు. చాలామంది చేత్తో కలిపి, ఆ చేత్తోనే బీడీ ముట్టిస్తారు. మనకు పక్కనే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూనే ఇరవై మందికి పైగా చనిపోయారు. బీహార్‌లో 2013 జూలై 16న గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. వాళ్ళు మన చిన్న తరగతుల వాళ్ళంత పిల్లలు. ఖాళీ మందు డబ్బాలో నీళ్ళు గానీ నూనె గానీ పోసేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

మందు ఎక్కినవాళ్ళకు కనబడే గుర్తులన్నీ ఆ తుడవని పలక వల్లనే. నోట్లో నురగ, కళ్ళల్లో నీళ్ళు, చెమట, వాంతులు, కంటిపాప చుక్కంత అవుతుంది, కండరాలు వాటంతట అవే అదురుతాయి. తర్వాత ఊపిరి తీసే కండరాలు అలిసి ఆగుతాయి. దీన్ని కల్లు తాగిన మైకం అనో, గాలి సోకిందనో అనుకొని కూర్చుంటే సమయం పోతుంది. సమయం ఎందుకు ముఖ్యమంటే, గంటలు గడిచేకొద్దీ మందు ఎంజైముకు గట్టిగా అతుక్కుపోయి ఇక విడిపించడానికి రాదు. అప్పుడు ఒళ్ళు కొత్త ఎంజైము చేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది.

ఆసుపత్రిలో అట్రోపిన్ సూది వేస్తారు. అది విషాన్ని తీసేయదు. ఎసిటైల్‌కోలిన్ పోయి పడే తాళాల్లో చాలావాటిని ముందే మూసేస్తుంది. అట్రోపిన్ ఉమ్మెత్తలో కూడా ఉంటుంది. అట్లని ఉమ్మెత్త తినిపించొద్దు, అది కూడా విషమే, ఎంత పోయిందో కొలవలేం. మనం చేయాల్సింది ఇది: తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడగాలి, కడిగేవాళ్ళు తమ చేతులకు కవరు తొడుక్కోవాలి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చింతపండు రసం, ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకుపోవాలి. అన్ని మందులూ ఈ ఎంజైమును పట్టుకునేవి కావు. గడ్డి మందు పారాక్వాట్ వేరే విధంగా చంపుతుంది, దానికి అట్రోపిన్ విరుగుడు కాదు. డబ్బా చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.

డబ్బా మీద మూలకు నిలబెట్టిన చతురస్రం ఉంటుంది, అందులో కింది సగం రంగు. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ తక్కువ విషం. మన ఇళ్ళల్లో చాలామందికి చదువు రాదు, రంగు మాత్రం అందరికీ తెలుసు. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు డబ్బాను చేత్తో ముట్టకుండా రంగు చూసి, మీ వాళ్ళకు చెప్పి రండి. ఏ ఊర్లో ఏ రంగు చూశారో రాయడానికి ఈ కాగితం కింద జాగ ఖాళీగా వదిలాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని