కారుతో సరిహద్దు దాటాలంటే

పిల్లలూ! వేరే రాష్ట్రానికి బదిలీ అయితే మన కారుకు ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ తీసుకుంటాం కదా. సెలవుల్లో బిలాస్‌పూర్ నుంచి గోరఖ్‌పూర్ మీదుగా నేపాల్ వెళ్లాలన్నా కాగితాలే ముఖ్యం.

ముందుగా బ్రేకులు, టైర్లలో గాలి, స్టెప్నీ చూసుకుందాం. ఆర్‌సీ, లైసెన్సు, బీమా పత్రం అసలువే పెట్టుకుందాం. మామూలు బీమా మన దేశానికే. నేపాల్‌కు వర్తించాలంటే కంపెనీతో ముందే రాయించుకోవాలి.

సోనౌలి దాటగానే రోజుల లెక్కన సుంకం కట్టాలి. దాన్ని అక్కడ 'భన్సార్' అంటారు. గడువు మించితే జరిమానా. అక్కడా ఎడమవైపే నడపాలి. గడియారం మాత్రం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి.

15–18 ఏళ్లవారు ప్రిన్సిపాల్ గారి గుర్తింపు ధ్రువపత్రం తీసుకోండి. కారుకు అన్నీ ఉండి మీకు గుర్తింపు లేకపోతే ప్రయాణం అక్కడే ఆగవచ్చు.

పద పరిచయం: సుంకం – సంస్కృత 'శుల్కం'కు తద్భవం. హిందీ 'శుల్క్' కూడా అక్కడిదే.