డిప్రెషన్ మందులు – మతిమరుపు: భయపడవద్దు, మందు మానవద్దు

ఈ నెల ఆరోగ్య పాఠం డిప్రెషన్‌కు, అంటే మానసిక కుంగుబాటుకు, మందులు వాడుతున్నవారి కోసం, వారి ఇంటివారి కోసం.

"ఈ బిళ్లలు మొదలుపెట్టిన కాడి నుంచి ఏదీ గుర్తుండటం లేదు." బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు పల్లెల నుంచి వచ్చేవారి నోట ఈ మాట మేము వింటూ ఉంటాము. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయానని ఒకరు చెబుతారు. చీటీ డబ్బు కట్టానో లేదో తెలియడం లేదని మరొకరు అంటారు. బైబిలు తెరిచి అదే వచనం నాలుగుసార్లు చదివినా తలకెక్కడం లేదని బాధపడేవారు ఉన్నారు. ఇంటర్ చదివే పిల్లలైతే పరీక్షలు ఎలా రాయాలని ఏడుస్తారు.

తరువాత జరిగేది కూడా మాకు తెలుసు. ఇంట్లో పెద్దవారు "అవి మత్తు బిళ్లలు, మెదడు పాడు చేస్తాయి, ఆపేయ్" అంటారు. రోగి ఆపేస్తాడు. కొన్ని వారాలకో నెలలకో కుంగుబాటు మళ్లీ వస్తుంది. కొందరిలో బ్రతకాలనే ఆశే పోతుంది. కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఈ పాఠంలో ముఖ్యంగా రెండు మాటలు గుర్తుంచుకోండి. మతిమరుపు వచ్చిందని మీకై మీరు మందు ఆపవద్దు. మతిమరుపు ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచవద్దు.

1. మరిచిపోవడమా, మనసు నిలవకపోవడమా?

ఒక విషయం గుర్తుండాలంటే ముందు అది మనసులోకి వెళ్లాలి. భార్య "వచ్చేటప్పుడు బియ్యం, చింతపండు తీసుకురా" అని చెబుతుండగా భర్త మనసు అప్పు మీదో, ఎండిన బోరు మీదో ఉంటే, ఆ మాట చెవిలో పడుతుంది గాని లోపలికి పోదు. సాయంత్రం ఆయన ఉత్త చేతులతో వస్తే "మరిచిపోయాడు" అంటాము. నిజానికి ఆయన మరిచిపోలేదు. అసలు ఆ మాట మనసులో పడనేలేదు.

డిప్రెషన్ ఉన్నవారిలో మతిమరుపు అనుకునేది చాలావరకు ఇలాంటిదే. జ్ఞాపకాల కొట్టు కాలిపోలేదు. దాని వాకిట్లో మనసు నిలవడం లేదు. ఈ సంగతి తెలిస్తేనే సగం భయం పోతుంది. "నాకు పిచ్చి పడుతోందేమో, మెదడు చచ్చిపోతోందేమో" అనే భయం ఎంత పెరిగితే మనసు అంత తక్కువగా నిలుస్తుంది.

2. కారణం ఎక్కడుంది?

కారణాలను మూడు గుంపులుగా చూద్దాము.

అ. జబ్బే కారణం కావచ్చు. డిప్రెషన్ అంటే దిగులు ఒక్కటే కాదు. నిద్ర చెడిపోవడం, ఆకలి తగ్గడం, ఒంట్లో శక్తి లేకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం కూడా దాని లక్షణాలే. మందు పనిచేయడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. దిగులు, నిద్ర ముందు బాగుపడి, ఏకాగ్రత వెనకాల నెమ్మదిగా రావడం చాలామందిలో చూస్తాము. ఆ మధ్య కాలంలోనే "మందు వల్ల మతి పోయింది" అని అనిపిస్తుంది.

ఆ. మందు కారణం కావచ్చు. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాత రకం మందులు జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కొంత అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, దగ్గరి అక్షరాలు మసకగా కనబడటం, మూత్రం సరిగా రాకపోవడం, మగత – ఇవి కూడా ఉంటే మందు మీద అనుమానపడవచ్చు. 60 దాటినవారిలో ఈ ప్రభావం ఎక్కువ. ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందుల్లో ఇది తక్కువే. అయితే వాటితో కొందరికి నిద్ర తగ్గుతుంది, కొందరికి మగతగా ఉంటుంది, కొందరికి "ఏడుపూ రాదు, నవ్వూ రాదు" అన్నట్లు మనసు మొద్దుబారుతుంది. మిర్టజాపిన్ నిద్ర బాగా తెస్తుంది. ఆ మత్తు ఉదయం దాకా మిగలవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమిట్రిప్టిలిన్‌ను ఒంటిచెంప తలనొప్పికి, షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంటకు కూడా రాస్తారు. ఒక డాక్టరు తలనొప్పికి, ఇంకొక డాక్టరు దిగులుకు ఇచ్చిన బిళ్లలు కలిసి ఎక్కువ కావచ్చు. అందుకే ఎవరి దగ్గరికి వెళ్లినా మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

ఇ. మూడవది మరేదైనా కావచ్చు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్ వంటి నిద్రమాత్రలు జ్ఞాపకాన్ని నేరుగా మందగిస్తాయి. జలుబు బిళ్లల్లో, దగ్గు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తుంది. సారాయి, బ్రాందీ సంగతి చెప్పనక్కరలేదు. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, విటమిన్ బి12 లోపం, షుగరు పడిపోవడం కూడా ఇలాగే కనబడతాయి.

మన పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు, నడుము పట్టేసినవారు చాలామంది. నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే బిళ్లల్లో ట్రమడాల్, ప్రెగాబాలిన్ ఉంటే మత్తు, పరధ్యానం పెరుగుతాయి. డిప్రెషన్ మందుతో ట్రమడాల్ కలిస్తే వణుకు, జ్వరం, ఫిట్లు కూడా రావచ్చు. ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్ వాడేవారు డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు కలిపితే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి ఉంటే డాక్టరుతో చెప్పండి, తగిన మందు ఇస్తారు.

3. ఆసుపత్రికి వచ్చేముందు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

• మతిమరుపు మందుకు ముందే ఉందా, తరువాత మొదలైందా? ఎన్నాళ్లకు?
• బిళ్ల డోసు పెంచినప్పుడు లేక కొత్త మందు కలిపినప్పుడు ఎక్కువైందా?
• రోజులో ఏ వేళ ఎక్కువ? ఉదయం మాత్రమే ఉండి మధ్యాహ్నానికి తేలికపడుతుందా?
• రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? ఇంకా ఏయే బిళ్లలు, టానిక్కులు, నాటు మందులు వాడుతున్నారు?

జవాబు రోగి చెప్పలేకపోతే ఇంట్లోవారు చెప్పాలి. మందుకు ముందే ఉన్న మతిమరుపు చాలావరకు జబ్బుది. మందు మొదలైన వారంలోపు కొత్తగా వచ్చినదైతే మందు వైపు చూస్తాము. ఉదయం మాత్రమే మత్తుగా ఉంటే రాత్రి బిళ్ల వేసుకునే సమయం మార్చితే చాలు కావచ్చు.

4. డాక్టరు చేయగలిగినవి

బిళ్ల వేళను మార్చవచ్చు, డోసు తగ్గించవచ్చు, లేక చాలకపోతే పెంచవచ్చు, వేరే మందుకు మార్చవచ్చు, అనవసరమైన నిద్రమాత్రను మెల్లగా తీసివేయవచ్చు, రక్తపరీక్షలు చేయించవచ్చు. దేనికైనా సమయం ఇవ్వాలి. మందు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు కొట్టినట్లుండటం రావచ్చు. నయమైన తరువాత కూడా కనీసం 6 నెలలు మందు కొనసాగించమని చెప్పేది జబ్బు తిరిగి రాకుండా ఉండటానికే.

మతిమరుపు వల్ల ఒక పూట బిళ్ల మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి వేసుకోవద్దు. మామూలు డోసు వేసుకుని కొనసాగించండి.

60 దాటినవారికి దిగులు తగ్గిన తరువాత కూడా మతిమరుపు అలాగే ఉంటే, తెలిసిన దారి తప్పుతుంటే, దానికి వేరే పరీక్షలు అవసరం. వయసు వచ్చింది కదా అని వదిలేయవద్దు.

5. ఇంట్లో చేసుకోదగినవి

పలక పెట్టుకోండి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన ప్రాంతం మనది. ఒక పలకను వంటింటి గోడకు తగిలించి ఈ రోజు చేయవలసిన పనులు మూడో నాలుగో రాయండి. అయిపోయినది తుడిచేయండి. హబక్కూకు గ్రంథం 2వ అధ్యాయంలో ప్రభువు తన ప్రవక్తకు చెప్పినదీ ఇదే: పరుగెత్తేవాడు కూడా చదవగలిగేలా పలక మీద స్పష్టంగా రాయమని. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను దాటిన జనం పన్నెండు రాళ్లు నిలిపారు, పిల్లలు అడిగినప్పుడు జ్ఞాపకం చేసుకోవడానికి. జ్ఞాపకానికి ఒక గుర్తు పెట్టుకోవడం తెలివితక్కువతనం కాదు.

చదువురానివారు బొమ్మ గీసుకోవచ్చు: బిందె, బిళ్ల, బర్రె. అది చాలు.

ఒక వస్తువుకు ఒకే చోటు. తాళంచెవి, ఆధార్ కార్డు, పాసుపుస్తకం, మందుల చీటీ ఎప్పుడూ ఒకే డబ్బాలో ఉండాలి.

ఒకసారి ఒక పనే. పొయ్యి మీద గిన్నె ఉన్నంతసేపు పొయ్యి దగ్గరే ఉండండి. టీవీ పెట్టుకుని లెక్కలు రాయవద్దు.

పైకి అనుకోండి. "తలుపు గొళ్లెం పెట్టాను", "బిళ్ల వేసుకున్నాను" అని నోటితో అంటే మనసు అక్కడ నిలుస్తుంది.

బిళ్లల డబ్బా. వారానికి ఏడు గళ్ల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే ఏడు చిన్న పొట్లాలు కట్టి రోజు పేరు రాయండి. ఫోనులో అలారం పెట్టుకోండి.

చదువుకునే పిల్లలు. రెండు గంటలు కూర్చోకండి. 20 నిమిషాలు చదివి, పుస్తకం మూసి, చదివినది రెండు వాక్యాల్లో రాసి, 5 నిమిషాలు లేచి తిరగండి.

నిద్ర, నడక. సాయంత్రం తరువాత టీ మానండి. పొద్దున్నే అరగంట నడవండి. నడక దిగులుకూ, మనసు నిలకడకూ మేలు చేస్తుంది.

ప్రమాదకరమైన పనులు. మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు మగత ఉందో లేదో తెలిసేవరకు పలకల ఫ్యాక్టరీలో కోత యంత్రం దగ్గర పని, రాత్రిపూట బోరు మోటారు వేయడానికి పోవడం, మోటారు సైకిలు, పురుగుమందు కొట్టడం మానండి. పనివారికి ఇది కష్టమని మాకు తెలుసు. కొద్ది రోజులు వేరే పని ఇవ్వమని మేస్త్రీని అడగండి. అవసరమైతే డాక్టరు చీటీ రాసి ఇస్తారు.

6. ఇంటివారికి, సంఘానికి

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. రోగితో పాటు ఇంటివారు కూడా అక్కడ ఉండి వైద్యంలో భాగం పంచుకోవడం ఆ కేంద్రం ప్రత్యేకత. ఇంటివారు తోడుంటే మందు బాగా పనిచేస్తుందని అది మనకు నేర్పుతుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అనవద్దు. ఒక మాట ఒకసారి, ముఖం చూసి, మెల్లగా చెప్పి, తిరిగి చెప్పించుకోండి. బిళ్లలు, పురుగుమందు డబ్బాలు వారి చేతికి అందకుండా మీ దగ్గర పెట్టుకోండి.

"విశ్వాసం ఉంటే బిళ్లలెందుకు?" అనే మాట సంఘంలో వినబడకూడదు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం క్రింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్ర, తరువాత రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ ఆహారం ఇచ్చాడు. బలం వచ్చిన తరువాతే పని చెప్పాడు, తోడుగా ఎలీషాను ఇచ్చాడు. ప్రార్థన చేయండి, బిళ్ల కూడా వేయించండి.

7. వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

• ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టలేకపోవడం, పొంతన లేని మాటలు. పెద్దవారిలో, ముఖ్యంగా బీపీకి నీటి మాత్రలు వాడేవారిలో, రక్తంలో సోడియం తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది.
• ఫిట్లు, స్పృహ తప్పడం, తీవ్రమైన వణుకుతో జ్వరం.
• మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పడిపోవడం.
• నిద్ర లేకుండా అతిగా మాట్లాడటం, అతి హుషారు.
• చనిపోవాలనే మాట. 25 ఏళ్లలోపు వారిలో మందు మొదలైన తొలి వారాల్లో ఎక్కువ కనిపెట్టి ఉండాలి.

రాత్రివేళ ఎవరూ అందుబాటులో లేకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

స్త్రీల సమాజంలో, యౌవనుల కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. మనసు నిలవకపోవడానికి, మరిచిపోవడానికి తేడా ఏమిటి? మీ ఇంటి నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.
2. డిప్రెషన్ మందు వాడేవారు సొంతంగా నొప్పి బిళ్లలు కొనుక్కుంటే వచ్చే ప్రమాదాలు ఏమిటి?
3. ఏలీయాకు దేవుడు మొదట ఏమిచ్చాడు? మన వీధిలో దిగులుతో ఉన్నవారికి మనం మొదట ఏమివ్వగలము?
4. ఈ వారం ఎవరి ఇంట్లో ఒక పలక తగిలించడానికి మీరు సహాయం చేస్తారు?