పాత కంప్యూటర్ల మార్పిడి: ప్రయోగ సమాచార పరిరక్షణ

పరిచయం

విశ్వవిద్యాలయ విభాగాలలోను, పరిశోధనా స్థానాలలోను సిబ్బంది వినియోగిస్తున్న పాత కంప్యూటర్లను మార్చడం ఇప్పుడు అనివార్యమైనది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో ఇదే జరిగింది. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు అందవు. అటువంటి కంప్యూటరు నెట్‌వర్కులో ఉన్నంతకాలం మిగిలిన వాటికీ ముప్పే.

ఈ మార్పిడిని మనం సాధారణంగా కొనుగోలు వ్యవహారంగానే చూస్తాము. నేను పనిచేసిన ఒక స్థానంలో, పదవీ విరమణ చేసిన సహోద్యోగి కంప్యూటరును నిరుపయోగమని ధ్రువీకరించిన కమిటీలో నేనూ సభ్యుడిని. తరువాత ఆయన వరి మాగాణి మినుము ప్రయోగాల వివరాలు అవసరమైనప్పుడు, వార్షిక నివేదికలలోని సగటులు తప్ప మరేమీ మిగలలేదు. పునరావృతాల వారీ దిగుబడులు లేనందున అన్ని సంవత్సరాలను కలిపి విశ్లేషించడం సాధ్యపడలేదు. కంప్యూటరును మళ్లీ కొనవచ్చును. గడచిన పంటకాలాన్ని మళ్లీ తేలేము.

వర్గీకరణ

ముందుగా ప్రతి కంప్యూటరును పరిశీలించి మూడు వర్గాలుగా విభజించాలి.

1. విండోస్ 11కు అర్హమైనవి: టీపీఎం 2.0 భద్రతా వ్యవస్థ, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ సామర్థ్యం, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదవ తరం, ఆపై ప్రాసెసర్లు అర్హమైనవి. ఇవి నెమ్మదిగా పనిచేస్తున్నట్లయితే, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చి, ర్యామ్ పెంచితే తరచుగా సరిపోతుంది.

2. ప్రయోగశాల పరికరాలకు అనుసంధానమైనవి: పరికరపు సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే పనిచేస్తుంటే, ఆ కంప్యూటరును నెట్‌వర్కు నుంచి వేరుచేసి కొనసాగించవచ్చును.

3. మిగిలినవి: వీటిని మార్చాలి. నిధులు వెంటనే లభించకపోతే, లినక్స్ స్థాపించి ఆర్, లిబ్రే ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో పని సాగించవచ్చును.

సమాచార తరలింపు

ఫైళ్లను కాపీ చేసినంత మాత్రాన సమాచారం భద్రపడినట్లు కాదు. టీ1, టీ2 అన్న సంకేతాలు ఏ ఎరువు మోతాదులను సూచిస్తాయో, దిగుబడి మడికి కిలోలలో ఉన్నదో, హెక్టారుకు లెక్కించినదో, నికర మడి విస్తీర్ణమెంతో తెలియకపోతే ఆ అంకెలు నిరర్థకం. అందువలన ప్రతి ప్రయోగానికి క్షేత్ర పటం, విత్తిన తేదీ, రకం, చర్యల వివరణ కలిగిన పత్రాన్ని జతపరచాలి. అంకెలను ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరవగలిగే సీఎస్‌వీ రూపంలో కూడా భద్రపరచాలి.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. పది నిమిషాలకొకసారి నమోదు చేసే వాతావరణ కేంద్రం ఏడాదికి 52,560 వరుసలు ఇస్తుంది. రెండేళ్ల సమాచారాన్ని ఆ రూపంలో ఒకే షీటులో భద్రపరిస్తే చివరి భాగం నిలవదు. కనుక తరలింపునకు ముందు, తరువాత వరుసల సంఖ్యను, మొత్తాలను సరిపోల్చాలి.

మన విస్తరణ సాహిత్యానికి మరొక చిక్కు ఉన్నది. యూనికోడేతర తెలుగు ఫాంట్లలో కూర్చిన కరపత్రాలు, ఆ ఫాంట్ లేని కొత్త కంప్యూటరులో అర్థరహిత సంకేతాలుగా కనిపిస్తాయి. పాత కంప్యూటరు పనిచేస్తుండగానే వాటిని పీడీఎఫ్‌గా భద్రపరచి, యూనికోడ్‌కు మార్చి, ఒత్తులను, అంకెలను సరిచూడాలి. మందు మోతాదులో ఒక్క దశాంశ బిందువు తప్పినా నష్టపోయేది రైతే.

ప్రతి ఫైలుకు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో, ఒకటి వేరొక ప్రాంగణంలో ఉండడం క్షేమం.

తొలగింపు

ఫైలును డిలీట్ చేసినంత మాత్రాన డిస్కు నుంచి సమాచారం చెరిగిపోదు. తరలింపును సరిచూసిన పిమ్మటే డిస్కును పూర్తిగా తుడిచివేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల యాజమాన్య నియమాల మేరకు, పరికరాలను నమోదిత పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి.

ముగింపు

నిరుపయోగ ధ్రువీకరణ పత్రంలో ఒక వాక్యం చేర్చడం అవసరం: "ఇందలి ప్రయోగ సమాచారాన్ని తరలించి, మరొక శాస్త్రవేత్త తెరచి సరిచూసినారు." ఆ సంతకం లేనిదే ఏ కంప్యూటరునూ విభాగపు గడప దాటనీయరాదు.