ఇటుక చేసిన చేతికి పెన్సిలు ఇచ్చిన టేలర్

మన ఇళ్లలో తాపీ పట్టినవారు, ఇటుకలు మోసినవారు చాలామందే ఉన్నారు. ప్లాను గీసినవారు మాత్రం అరుదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో రాబర్ట్ రాబిన్సన్ టేలర్ గురించి తమ్ముళ్లకు చెప్పాలనుకున్నాం.

ఆయన 1868లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, విల్మింగ్టన్‌లో పుట్టారు. అక్కడ బానిసత్వం రద్దయి అప్పటికి మూడేళ్లే. తండ్రి హెన్రీ టేలర్ ఒక తెల్ల యజమానికి, నల్లజాతి తల్లికి పుట్టినవాడు. వడ్రంగంతో మొదలుపెట్టి ఇళ్లు కట్టించే స్థాయికి ఎదిగాడు. కొడుకు తండ్రి దగ్గరే పని నేర్చి, 1888లో బోస్టన్ వెళ్లి ఎం.ఐ.టి.లో చేరారు. రెండేళ్లు స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది. 1892లో ఆర్కిటెక్చరులో పట్టా పుచ్చుకున్నారు. ఆ సంస్థలో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే.

తర్వాత అలబామా రాష్ట్రంలోని టస్కీగీ వెళ్లారు. అక్కడ బుకర్ టి. వాషింగ్టన్ నడిపే విద్యాలయంలో భవనాలు విద్యార్థులే కట్టుకోవాలి, ఇటుకలూ వాళ్లే చేయాలి. టేలర్ రాకముందు అక్కడ ఇటుక బట్టీ మూడుసార్లు చెడిపోయిందట. నాలుగోసారి వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చారు. గడియారం మళ్లీ ఇంటికి రాలేదు గానీ ఇటుకలు మాత్రం నిలిచాయి!

టేలర్ ఆ ఇటుక పనికి డ్రాయింగు కలిపారు. గోడ కట్టే కుర్రవాడికి ఆ గోడను ముందు కాగితం మీద గీయడం నేర్పారు. 1898లో పూర్తయిన ప్రార్థనా మందిరానికి విద్యార్థులు చేసిన ఇటుకలు 12 లక్షలు. ఆ మేకన్ కౌంటీలో లోపల విద్యుద్దీపాలు వెలిగిన మొదటి భవనం అదే. 1899లో వాషింగ్టన్ ఇల్లు 'ది ఓక్స్' తయారైంది. మధ్యలో కొన్నేళ్లు క్లీవ్‌లాండ్‌లో పనిచేసినా, టేలర్ మళ్లీ టస్కీగీకే వచ్చేశారు.

చేతిపని నేర్పి మావాళ్లను పెద్ద చదువులకు దూరం చేస్తున్నారని డుబోయిస్ వంటి మేధావులు టస్కీగీ పద్ధతిని విమర్శించారు. ఆ విమర్శ కొట్టిపారేయదగ్గది కాదు. "మీకు ఐ.టి.ఐ. చాలులే" అనే సలహాలు మనమూ విన్నవే కదా. అయితే టస్కీగీలో చదివిన వెర్ట్‌నర్ టాండీ అక్కడితో ఆగలేదు. కోర్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలో రిజిస్టరైన మొదటి నల్లజాతి ఆర్కిటెక్టు అయ్యారు. టేలర్ కట్టిన భవనాలకంటే మాకు ఇదే పెద్ద విషయంగా తోస్తుంది.

1942 డిసెంబరులో, తాను గీసిన ఆ మందిరంలోనే టేలర్ కుప్పకూలి, కన్నుమూశారు. 1957లో మందిరం కాలిపోయింది. విద్యార్థుల ఇటుకలతో కట్టిన 'ది ఓక్స్' ఇంకా నిలిచే ఉంది.