ఆ ± 5 నే నమ్ము, బిడ్డా

నాచారం,
మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా

చిరంజీవి శ్రావణికి,


నీ ఉత్తరం అందింది, బిడ్డా. ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీలో చేరిన కొత్తలోనే అసలైన ప్రశ్న పట్టుకున్నావు. చాలా సంతోషం. "మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా 121 మీటర్లు కింద ఉండేదంటారు, మళ్ళీ పక్కనే ± 5 అని రాస్తారు. అంత చదివినవాళ్ళకే ఖాయంగా తెలియకపోతే మేం దేన్ని నమ్మాలి?" అన్నావు. నమ్మాల్సింది ఆ ± 5 నే. ఒట్టి అంకె ఎవరైనా చెప్పొచ్చు. తన అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో లెక్కగట్టి చెప్పేవాడే నిజంగా కొలిచినవాడు. నేను సర్వేలో లెవెలింగ్ పని చేసి నేర్చుకున్నది ఇదే. నీకూ ఇదే చెప్పాలని ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మన పేటల నుంచే మొదలుపెడదాం. ఉప్పల్, నాచారం సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. సముద్రం చూస్తే వందల కిలోమీటర్ల దూరం. మరి ఆ ఎత్తు ఇక్కడిదాకా ఎట్లా వచ్చింది? అంకెలున్న కొలతకర్ర, అంటే స్టాఫ్ మీద రీడింగులు తీసుకుంటూ, ఎత్తు తెలిసిన ఒక బెంచ్ మార్క్ నుంచి ఇంకో బెంచ్ మార్క్‌కు నడుస్తూ మోసుకొచ్చారు. లెవెల్ పరికరాన్ని రెండు స్టాఫులకూ సరిగ్గా మధ్యలో పెట్టాలి. అప్పుడు వెనక స్టాఫ్ రీడింగ్ అయిన బ్యాక్‌సైట్‌లో ఉన్న పరికర దోషమే ముందు స్టాఫ్ రీడింగ్ అయిన ఫోర్‌సైట్‌లోనూ ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ఆ దోషం పోతుంది. మధ్యాహ్నం ఎండలో నేల దగ్గరి గాలి వేడెక్కి చూపు రేఖ వంగుతుంది. అందుకే స్టాఫ్ అడుగు భాగంలో రీడింగ్ తీసుకోవద్దంటారు. ఉప్పల్‌లో ఉన్న సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో తరతరాల సర్వేయర్లకు నేర్పిన పని ఇదే.

ఇక్కడ రెండు రకాల దోషాలున్నాయి. ఒకటి యాదృచ్ఛికం. ఒక రీడింగ్ కొంచెం ఎక్కువ వస్తే ఇంకోటి తక్కువ వస్తుంది. కిలోమీటరుకు 1 మిల్లీమీటరు చొప్పున అలాంటి దోషం ఉందనుకో. విశాఖ తీరం నుంచి ఇక్కడికి 600 కిలోమీటర్లు వచ్చేసరికి అది 600 మిల్లీమీటర్లు కాదు, 600 వర్గమూలం, అంటే సుమారు 24.5 మిల్లీమీటర్లే. రెండోది క్రమదోషం. స్టాఫ్ పొడవే తప్పుగా ఉంటే ప్రతి రీడింగూ ఒకే వైపు తప్పుతుంది. ఎన్నిసార్లు కొలిచినా అది పోదు. ఏ పరిశోధనా పత్రం చేతికొచ్చినా ఈ రెంటినీ విడదీసి చూడు.

ఇక సున్నా సంగతి. మన దేశపు ఎత్తులకు ఆధారంగా కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్ అనే తొమ్మిది రేవుల్లో సముద్రపు ఆటుపోట్లను కొలిచారు. ఆ తొమ్మిది చోట్లా సగటు మట్టం సున్నాయే అని పట్టుకుని 1909లో దేశపు లెవెలింగ్ లెక్కంతా సరిచేశారు. నిజానికి ఆ తొమ్మిదీ ఒకే మట్టంలో లేవు. గంగ, గోదావరి లాంటి పెద్ద నదుల మంచినీళ్ళు చేరడం వల్ల బంగాళాఖాతంలో ఉప్పు తక్కువ, నీళ్ళు తేలిక. అందుకని అక్కడి మట్టం అరేబియా సముద్రం కన్నా కాస్త పైకి ఉంటుంది. భూమి ఆకర్షణలో ఉన్న తేడాల వల్ల శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రపు మట్టం భూమి సగటు ఆకారపు మట్టం కన్నా 100 మీటర్లకు పైగా లోతుకు దిగి ఉంది. కాబట్టి "సముద్ర మట్టం" అన్నప్పుడల్లా ఎక్కడిది, దేనితో పోల్చి అని అడగాలి.

ఇప్పుడు కాలంలో వెనక్కి పోదాం. విశాఖ రేవు కొలతలు 1937 నుంచి అంతర్జాతీయ భాండారంలో ఉన్నాయి. అక్కడ ఆటుపోట్లను కొలిచే గేజ్‌ను నేలలో పాతారు కాబట్టి అది చెప్పేది సముద్రానికీ నేలకూ ఉన్న తేడా మాత్రమే. నీళ్ళు పెరిగినా, నేల కుంగినా గేజ్ ఒకే మాట చెబుతుంది. 2007లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నికృష్ణన్, శంకర్ ఉత్తర హిందూ మహాసముద్రంలో 40 ఏళ్ళకు మించిన రికార్డులను పరిశీలించారు. మంచుయుగపు మంచు బరువు తొలగాక భూమి ఇంకా సర్దుకుంటున్నదానికి సవరణ కూడా చేశారు. సగటు పెరుగుదల ఏడాదికి 1.29 మిల్లీమీటర్లని తేలింది. కోల్‌కతా దిగువన డైమండ్ హార్బర్‌లో మాత్రం అది 5 మిల్లీమీటర్లు దాటింది. అక్కడ డెల్టా నేలే కుంగుతోంది.

ఏడాదికి 1 మిల్లీమీటరు అంటే 80 ఏళ్ళకు 8 సెంటీమీటర్లు. విశాఖలో రుతువులు మారితేనే మట్టం పదుల సెంటీమీటర్లు మారుతుంది. ఇంత ఊగిసలాటలో అంత చిన్న వాలును పట్టుకోవాలంటే దశాబ్దాల రికార్డు కావాలి. పదేళ్ళ అంకెలు పట్టుకుని ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాళ్ళ హద్దులు ఎంతో అడుగు.

గేజులు పుట్టకముందు కాలానికి సాక్షులు వేరు. నువ్వు అడిగిన 121 ± 5 అంకె శాస్త్రవేత్త ఫెయిర్‌బ్యాంక్స్ 1989లో బార్బడోస్ పగడాల మీద చేసిన పరిశోధనది. ఆయన ఎంచుకున్న పగడం జాతి ఎక్కువగా 5 మీటర్ల లోపు నీళ్ళలోనే పెరుగుతుంది. కాబట్టి సముద్రం అడుగున లోతులో దాని శిథిలం దొరికితే, అది బతికిన కాలంలో నీటి మట్టం దాని తలపైనే ఉండేదన్నమాట. అయితే ఆ ద్వీపం వెయ్యేళ్ళకు 34 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తోంది. 20,000 ఏళ్ళకు అది దాదాపు 7 మీటర్లవుతుంది. దాన్ని లెక్కలోంచి తీయాలి. తర్వాతి ఏడాది అవే పగడాల వయసును యురేనియం–థోరియం పద్ధతిలో కడితే, అంతకుముందు రేడియోకార్బన్‌తో కట్టిన వయసులు అంత పాతకాలానికి 3,000 ఏళ్ళకు పైగా తక్కువని బయటపడింది. చూశావా, లోతు మారలేదు, తేదీ మారింది. ఏ అంకెకైనా రెండు హద్దులుంటాయి. ఒకటి ఎత్తుది, ఇంకోటి కాలానిది.

మన తీరంలోనే ఒక లెక్క నీ చేత్తో చేసి చూడు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు ఇప్పుడు మంచినీళ్ళ సరస్సు. వేల ఏళ్ళ కింద అది సముద్రానికి ఆనుకున్న ఉప్పుకయ్య. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం ఈ డెల్టాల ఇసుక దిబ్బలనూ బోరు మట్టినీ తవ్వి చదివింది. అక్కడే బోరు వేసిన గొట్టంలో ఇప్పటి మట్టానికి 6 మీటర్ల కింద నీకొక ఆల్చిప్ప దొరికిందనుకో. ముందు దాన్ని బాగా చూడు. రెండు చిప్పలూ విడిపోకుండా, బతికినప్పటిలాగే బురదలో నిలబడి ఉంటే అది అక్కడే బతికింది. ఒంటి చిప్పయి అంచులు అరిగి ఉంటే ఉప్పెన మోసుకొచ్చి ఉండొచ్చు. 1977లో దివిసీమ ఉప్పెన సముద్రాన్ని ఎంత లోపలికి తెచ్చిందో నీకు తెలుసు కదా.

తర్వాత హద్దులు రాయి. ఆ జీవి ఆటుపోట్ల మధ్య ఎక్కడైనా బతకొచ్చు, ± 0.5 మీటరు. బోరు నోటి ఎత్తు కొలిచిన దోషం ± 0.1. కింద మట్టి కుదించుకుపోయినదానికి సవరణలో ± 1.0. మూడింటినీ కూడితే 1.6. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీయి. సుమారు ± 1.1 వస్తుంది. ఇందులో సింహభాగం కుదింపుదే. బోరు నోటిని ఇంకా జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు, మట్టి గుణాన్ని పరీక్షించాలి. ఎక్కడ కష్టపడాలో హద్దుల లెక్కే చెబుతుంది. ఇంకొక మాట, కుదింపు చిప్పను ఎప్పుడూ కిందికే దింపుతుంది గానీ పైకి లేపదు. సవరణ చేయకుండా వదిలేస్తే అది క్రమదోషమైపోతుంది. వయసులోనూ అంతే. సముద్రపు నీళ్ళలో పాత కార్బన్ ఉంటుంది కాబట్టి చిప్ప తన అసలు వయసు కన్నా కొన్ని వందల ఏళ్ళు ముసలిదిగా కనిపిస్తుంది.

తీరం జరిగిందంటే మట్టం మారిందనుకోవద్దు. కృష్ణా డెల్టాలోని ఘంటసాల ఒకప్పుడు పేరున్న వ్యాపార కేంద్రం, ఇప్పుడు సముద్రానికి చాలా లోపల ఉంది. కృష్ణ తెచ్చిన ఒండ్రు తీరాన్ని ముందుకు నెట్టింది. కాకినాడ పక్క ఉప్పాడలో దీనికి విరుద్ధంగా సముద్రం ఊరిని కోసుకుపోతోంది. అక్కడ అలలూ, ప్రవాహాలూ, ఇసుక రాక తగ్గడం, నేల కుంగడం అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. నింద మొత్తం ఒక్క కారణం మీద వేసేముందు దేని వాటా ఎంతో లెక్క తీయాలి.

మన హబ్సిగూడ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్.జి.ఆర్.ఐ.కి కూడా ఈ కథలో చోటుంది. నువ్వు రోజూ దాని పేరున్న మెట్రో స్టేషన్ దాటిపోతావు. అక్కడి జీపీఎస్ కేంద్రం మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోందని చూపిస్తోంది. ఆ సంస్థ శాస్త్రవేత్త వి.ఎం. తివారీ, ఇద్దరు అమెరికన్ పరిశోధకులతో కలిసి 2009లో భూమి ఆకర్షణలో మార్పులను కొలిచిన గ్రేస్ ఉపగ్రహాల ఆధారంగా ఒక పత్రం రాశారు. 2002 ఏప్రిల్ నుంచి 2008 జూన్ దాకా ఉత్తర భారతం, దాని చుట్టుపక్కల ప్రాంతం ఏడాదికి 54 ± 9 ఘన కిలోమీటర్ల భూగర్భ జలాన్ని పోగొట్టుకుందని తేల్చారు. బోర్లతో తోడిన నీళ్ళు చివరికి చేరేది సముద్రానికే. దాదాపు 360 ఘన కిలోమీటర్ల నీళ్ళు సముద్రాన్ని 1 మిల్లీమీటరు పెంచుతాయి. భాగించి చూడు, ఏడాదికి సుమారు 0.15 మిల్లీమీటరు. పంజాబ్ పొలంలో మోటారు ఆన్ చేస్తే విశాఖ గేజ్ మీద దాని జాడ ఉంటుందన్నమాట. ఆ ± 9 లేకపోతే దీన్ని ఎంత గట్టిగా చెప్పొచ్చో మనకు తెలిసేది కాదు.

ఇంత పట్టుదల ఎందుకంటావా? 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్ర మట్టం 0.20 మీటరు పెరిగిందని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి బృందం ఐపీసీసీ ఇచ్చిన నివేదిక చెబుతుంది. హద్దులు 0.15 నుంచి 0.25. 2006–2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు పెరిగింది. కింది హద్దు తీసుకున్నా పెరుగుదల సున్నా కాదు. "ఖాయంగా తెలియదు కదా" అని చేతులు దులుపుకునేవాళ్ళకు ఇదే జవాబు. కరకట్ట కట్టే ఇంజనీరుకు సగటు సరిపోదు, పై హద్దు కావాలి. తీరంలో బతికే మత్స్యకారుల ప్రాణాలు ఆ పై హద్దు మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే హద్దు లేని అంకె ఎంత అందంగా ఉన్నా దాన్ని ఒప్పుకోవద్దు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఒక పని చేసుకుని రా. విశాఖ గేజ్ నెలవారీ అంకెలు దించుకుని గ్రాఫ్ గీయి. మొదట మొత్తం రికార్డుకు వాలు కట్టు, తర్వాత ఏదో ఒక పదేళ్ళకు కట్టు. రెంటికీ ± ఎంతో పక్కనే రాయి. కొలతల్లో ఖాళీలున్న ఏళ్ళను ఎట్లా చూశావో కూడా రాయి. కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన